తలుపు బయట సెక్షనమ్మ

తలుపు తన చేత్తో తనే మూసి బయటికొచ్చింది కాబట్టి ఇప్పుడు ఎవరినీ ఒక మాట అనడానికి లేదు. వరండాలో గోడవారగా ఒక చెక్క బల్ల, బల్ల మీద ఆమె, ఒడిలో ఏ ఫైలూ లేని రెండు చేతులు. లోపల కమిటీ, కమిటీ ముందు అక్క, అక్క పక్కన అక్క కూతురు. ఊళ్లో ఏ నేల మీద ఏం కట్టుకోవచ్చో, ఎక్కడ ఏ పని చేసుకోవచ్చో తేల్చే ప్రణాళికా విభాగానికి ఆమె పెద్ద. ఈ ఒక్క గంటా మాత్రం ఆమె ఎవరికీ ఏమీ కాదు, ఎందుకంటే ఈ గంటలో తేలాల్సింది అక్కావాళ్ల వడ్రంగి షెడ్డు ఉంటుందా పోతుందా అన్నది. సొంతవాళ్ల స్థలం విచారణకు వస్తే అధికారి గది విడిచి పోవాలి, నిర్ణయం చెప్పేదాకా మళ్లీ లోపల అడుగు పెట్టకూడదు అని నిబంధన ఉంది. దాన్ని రాసిందీ ఆమే. రాసిన రోజున మెత్తటి కుర్చీలో కూర్చుని రాసింది, వరండాలో బల్ల ఇంత గట్టిగా ఉంటుందని అప్పుడెవరు చూశారు.

లేవకూడదు. ఇప్పుడు చేయాల్సిన పని అదొక్కటే, లేవకుండా ఉండడం. చేతులు ఊరుకోలేక బల్ల అంచు తడిమాయి, ఎక్కడా మేకు తగల్లేదు, చెక్కలో చెక్క దిగేసి కట్టిన బల్ల ఇది, బావ చూస్తే కింద దూరి మరీ మెచ్చుకునేవాడు. బావ ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీని బోర్లించి చూసి తర్వాతే కూర్చుంటాడు. మొదటిసారి వీళ్లింటికి వచ్చినప్పుడూ అదే పని, అమ్మాయిని చూడ్డానికి వచ్చావా, కుర్చీలు చూడ్డానికి వచ్చావా అని నాన్న అడిగితే, అమ్మాయి బాగుందండీ, కుర్చీయే కొంచెం ఊగుతోంది అన్నాడు. అక్క వంటగదిలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అలాంటి మనిషి కుడిచెయ్యి ఒకరోజు పొద్దున్నే మాట వినడం మానేసింది. టీ గ్లాసు జారి పడితే ఇదేంటిలా అయిందని నవ్వాడట, ఆ నవ్వు కూడా మొహంలో ఒక పక్కకే వచ్చిందట. ఆరోజు ఆగిన రంపం మిషను చాలాకాలం కదల్లేదు. షెడ్డు పెట్టినప్పుడు ఆ వీధిలో కుక్కలూ ముళ్లపొదలూ తప్ప ఎవరూ లేరు, తర్వాత ఇళ్లు వచ్చాయి, ఇళ్ల మీద ఇళ్లు వచ్చాయి, వాళ్లందరూ ఇన్నాళ్లూ రంపం చప్పుడుకి పళ్లు కొరుక్కుంటూ సర్దుకుని, అది ఆగిపోయాక మొదటిసారి హాయిగా పగటి నిద్ర పోయారు. వాళ్లు చెడ్డవాళ్లని ఎలా అనగలదు, రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చి పడుకునే నర్సు ఉంది వాళ్లలో, మొన్ననే పుట్టిన పసివాడు ఉన్నాడు. మళ్లీ మిషను మొదలయ్యేసరికి అందరూ కలిసి అర్జీ పెట్టారు. ఇదే ఎవరో బయటివాడి షెడ్డయి, ఫైలు తనే చూడాల్సి వస్తే ఎటు మొగ్గేదో ఆమెకే తెలియదు, తెలియకపోవడం ఒక రకంగా మంచిదే, తెలిస్తే ఆ తెలిసింది మొహంలో కనబడేది.

లోపలి నుంచి గొంతులు వస్తున్నాయి, మాటలు రావడం లేదు. తన కింద పనిచేసే చిన్న ప్లానరు నివేదిక చదువుతున్నట్టుంది, ఆ పిల్ల చదివేటప్పుడు ప్రతి వాక్యం చివరా గొంతు పైకి లేపుతుంది, అది నివేదికో ప్రశ్నో తెలియకుండా. ఎన్నిసార్లు చెప్పింది, గొంతు కింద పెట్టి ఆపవే తల్లీ అని. ఈ ఫైలు మాత్రం ఆ పిల్లకి అప్పజెప్పాక దాని గురించి ఒక్క ముక్క అడగలేదు, టేబుల్ మీద కనబడితే చూపు తిప్పుకుంది. మేడం, ఒక చిన్న సందేహం అని ఆ పిల్ల ఒకసారి గుమ్మంలో నిలబడితే, ఏ ఫైలులో అని అడిగి, పేరు వినగానే, నాకు వినబడలేదు వెళ్లు అంది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పోనీ చిన్నబోనీ. ఆఫీసులో వెనకాల ఆమెని సెక్షనమ్మ అంటారని ఆమెకి తెలుసు, ఎవరో ఒకరు ఏ సంగతి ఎత్తినా ఏ సెక్షను కింద అని అడుగుతుందని. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైంది, ఈమధ్య ఆ పేరు వినబడకపోతే ఆరోజు పని సరిగ్గా చేశానా అని అనుమానం వస్తోంది.

సెక్షన్లు ఒంటపట్టింది సీనియరు వకీలు గదిలో. అప్పుడు ఆమెకి నల్లకోటు ఉండేది. ఆ పెద్దమనిషి భూముల కేసులు తప్ప మరొకటి ముట్టేవాడు కాదు, ఆయన గదిలో ఇద్దరే జూనియర్లు, ఒకరు ఆమె, ఇంకొకరు ఇప్పుడు లోపల అర్జీ పెట్టిన అపార్టుమెంటువాళ్ల తరఫున నిలబడ్డ వకీలు. ఒకే టేబుల్ మీద చెరో పక్కా కూర్చుని ఒకే పుస్తకం లాక్కుని చదువుకున్నారు. వాడు అప్పుడే అన్నాడు, నువ్వు కేసు గెలవాలని చూడవు, కేసు లేకుండా చేయాలని చూస్తావు, నీకు ఈ కోటు నిలవదు అని. నిజమే, నిలవలేదు. ఎందుకంటే వచ్చిన ప్రతి కేసులోనూ గోడ అప్పటికే కట్టేసి ఉండేది. కిటికీకి అడ్డంగా పక్కింటివాళ్లు గోడ లేపారని ఒకావిడ వచ్చింది, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి చివరికి ఆ కేసు గెలిచారు, తీర్పు కాగితం చేతిలో పెడితే ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, అమ్మా, ఆ గోడ తీసినా దాని వెనకాల ఇప్పుడు మేడ లేచింది, ఇంక వెలుగు ఎక్కణ్ణించి వస్తుంది అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. దానికి ఏ సెక్షనులోనూ జవాబు లేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. గోడ లేచాక వాదించే చోట కాదు, గోడ ఎక్కడ లేవచ్చో ముందే గీసే చోట ఉండాలి అనుకుంది, అనుకున్నాక ఆగలేదు, ముప్పై దాటిన వయసులో చిన్నపిల్లల పక్కన కూర్చుని నగర ప్రణాళిక చదివింది. స్కేలు పెట్టి గీసినా గీత వంకరపోయేది. సీనియరు తల కొట్టేసినట్టు మొహం పెట్టాడు, అంత నోరు పెట్టుకుని పోయి రంగులు వేసుకుంటావా అన్నాడు. అక్క మాత్రం, వేసుకోనివ్వండి, దానికి ఏది తోస్తే అది చేసేదాకా మనకి కునుకు పట్టనివ్వదు అంది. ఆ రెండేళ్లూ అక్క ఇంట్లోనే ఉంది, షెడ్డు పైన గదిలో, కింద రంపం కోస్తుంటే పైన పటాలు గీసింది. చెక్కపొట్టు కాగితాల మీద పడేది, ఊదుకుని గీసేది. ఆ చప్పుడులో చదివి పైకొచ్చినదానికి ఆ చప్పుడు మీద తీర్పు చెప్పే హక్కు ఎక్కడుంటుంది, బయటికి పంపడమే న్యాయం.

ఉద్యోగంలో చేరాక మొదటి పెద్ద పని మాస్టర్ ప్లాన్. ఊరంతటినీ కాగితం మీద పరిచి రంగులు వేయడం, ఇళ్లకి పసుపు, అంగళ్లకి ఎరుపు, కార్ఖానాలకి ఊదా, ఏమీ కట్టకూడని పల్లపు నేలకి ఆకుపచ్చ. రంగు వేయడం తేలికే, వేసిన రంగు కింద మనుషులుంటారని గుర్తు పెట్టుకోవడం కష్టం. ఆమె ఏ వీధికీ కాళ్లతో నడవకుండా రంగు వేయనిచ్చేది కాదు, పైవాళ్లు విసుక్కునేవాళ్లు, ఇలా అయితే ఈ జన్మకి ప్లాను పూర్తికాదమ్మా అని. పూర్తయింది, ఆలస్యంగానే అయినా. అక్కావాళ్ల వీధికి రంగు వేసేరోజున బ్రష్షు పక్కవాడి చేతికిచ్చి తను వేరే పేటకి వెళ్లిపోయింది. బావ ఊరుకుంటాడా, మరదలా, మా షెడ్డుకి ఏం రంగు పూశారు అని అడిగాడు. పసుపట బావా, వీధంతా ఇళ్లే కదా. మరి నా మిషను కూడా ఇల్లేనా? మీ మిషను పాత వాడకం బావా, రంగు పడక ముందు నుంచీ నడుస్తున్న పనిని ఎవరూ ఆపలేరు. పాతదని వదిలేశారన్నమాట, మీ అక్క కూడా నన్ను అలాగే వదిలేసింది అన్నాడు. అక్క వంటింట్లోంచి గరిటె చూపించింది.

కానీ ఆ పాత వాడకానికి ఒక ముడి ఉంది, ఆ ముడి వేసిందీ తనే. పని ఏడాది పాటు ఆగిపోతే పాత వాడకం హక్కు పోతుంది, పోయింది మళ్లీ రాదు. ఆ ముడి ఊరికే వేయలేదు. బడి పక్కన మూతబడిన రంగుల కార్ఖానాని ఎవడో చవగ్గా కొని, ఎప్పుడో తాతలనాడు నడిచిందిగా అంటూ మళ్లీ తెరిచాడు, పిల్లలు తరగతిలో దగ్గుతూ కూర్చునేవాళ్లు, కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే ఘాటు. చట్టంలో వాణ్ణి ఆపే మాట ఒక్కటీ లేకపోతే ఆమె కూర్చుని రాసింది. ఎన్ని రోజులు పట్టిందో, ఎంతమందితో పోట్లాడిందో. రాసినప్పుడు పక్షవాతం వచ్చిన వడ్రంగి తలలోకి రాలేదు. రావాల్సింది. జబ్బు చేసి ఆగిన నెలల్ని లెక్కలో వేయకూడదని ఒక్క వాక్యం అందులో ఉండాల్సింది, ఆ వాక్యం ఇప్పుడు ఆమె మనసులో పూర్తిగా తయారైపోయి ఉంది, కామాలతో సహా. పెడుతుంది. సవరణ పెట్టి తీరుతుంది, ఎవరు అడ్డొచ్చినా. కానీ ఈ ఫైలు మూసుకున్నాకే, దీని మీద దాని నీడ పడని రోజునే. అక్కకి ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు, ఇంకో ఊరి చివర ఎవరో మంచాన పడ్డ కుమ్మరికో కమ్మరికో పనికొస్తుంది. అక్కకి పనికిరాని పని చెల్లెలు ఎన్ని చేసిందో ఈ ఊళ్లో.

ఆ మధ్యాహ్నం. ఎటు తిరిగినా మనసు అక్కడికే వచ్చి పడుతుంది. బావ మంచాన పడి ఏడాది నిండడానికి ఇంక వారం పైచిలుకు ఉందనగా ఆదివారం అక్క ఇంటికి వెళ్లింది. బావ కిటికీ పక్కన దిండ్లకి ఆనుకుని, ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. అక్క టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని షెడ్డు మాట ఎత్తింది, అమ్మాయి పని బాగానే పట్టుకుంది, వచ్చే నెలలోనో ఆ పై నెలలోనో మెల్లిగా మొదలుపెడుతుంది, తొందరేముంది అంది. తొందరేముంది. ఆ మాటకి జవాబు తన దగ్గర తయారుగా ఉంది. తొందరుందక్కా, వచ్చేవారంలోగా మిషను ఒక్కసారి ఆడించండి, ఒక్క పలక కోయండి చాలు. అంతే వాక్యం. నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. మింగింది. ఆ వీధివాళ్లు అప్పటికే ఆఫీసుకి ఫోన్లు చేసి అడుగుతున్నారు, ఏడాది ఎప్పుడు నిండుతుంది అని, వాళ్లకి చెప్పని తేదీ అక్కకి ఎలా చెబుతుంది, చెబితే ఆ కుర్చీలో తను కూర్చుని ఇన్నాళ్లూ చేసిన పనికి అర్థమేముంది, రేపు ఇంకో వీధిలో ఇంకో ముసలావిడకి, మీకు హక్కు పోయిందమ్మా అని ఏ మొహంతో చెబుతుంది. టీ తాగింది. బావ దిండు సర్దింది. మెట్లు దిగేటప్పుడు మూసిన షెడ్డు తలుపు పక్కనుంచే నడిచి పోయింది, లోపలి నుంచి ఇంకా చెక్కవాసన వస్తోంది, వీధి చివరిదాకా వెళ్లాక గోడ పట్టుకుని నిలబడి ఏడ్చింది. అటు వెళ్లేవాడెవడో కళ్లు తిరిగాయామ్మా అని అడిగితే, కళ్లు తిరగలేదు బాబూ, కళ్లు బాగానే ఉన్నాయి అంది.

అయితే ఆ వారంలోనే మిషను ఆడింది. ఎవరూ చెప్పకుండా, దానంతటదే. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా గోడ వెంట పట్టుకుని నడవడానికి నాన్నకి చెక్క కమ్మీ కావాలని అమ్మాయి షెడ్డు తెరిచి పలకలు కోసింది. నాన్నకి కసరత్తు చేయించే ఆయన అది చూసి, ఇంకో రోగి ఇంటికి కూడా ఇలాంటిది కావాలంటే, అదే ఊపులో అదీ చేసి ఇచ్చింది. ఆ తర్వాత అర్జీ వచ్చింది, నోటీసు వచ్చింది, నోటీసులో ఏడాది ముడి గురించి రాసి ఉంది, అక్క అది చదువుకుంది. చదువుకుని ఫోను చేసింది. ఇది నీకు తెలుసా? తెలుసు. ఆరోజు మా ఇంట్లో కూర్చున్నప్పుడు తెలుసా? తెలుసక్కా. అక్క ఫోను పెట్టేసింది. అప్పట్నుంచి అక్క మాట్లాడలేదు. అమ్మాయి ఒకసారి, పిన్నీ, అమ్మ నీ పేరెత్తితే గిన్నెలు విసిరేస్తోంది, కొన్నాళ్లు రాకు అంది. వెళ్లలేదు. ఈ పొద్దున వరండాలో ఎదురుపడితే అక్క ఆమెని గోడని చూసినట్టు చూసి లోపలికి వెళ్లింది.

దగ్గు. లోపల ఎవరో దగ్గారు, ఎవరో ఏమిటి, ఆ పాత టేబుల్ వకీలే, ఆ దగ్గు ఆమెకి తెలుసు. కోర్టులో అసలు దెబ్బ వేయబోయే ముందు వాడు పొడిగా రెండుసార్లు దగ్గుతాడు, ఎదుటివాడు వాడి గొంతు బాలేదనుకుంటాడు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. తలుపు మందం, మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, ఏడాది, చివరి వారం, సరిగ్గా. విచిత్రం కాదా. ఒక వడ్రంగి భార్యకి ఆ వారమే ఎందుకు గుర్తొచ్చింది. ఆ ముడి రాసిన అధికారి ఎవరు, ఆమెకి ఈ కుటుంబం ఏమవుతుంది. ముక్కలు చాలు, మిగతాది తనే పూరించుకోగలదు, వాడి స్థానంలో తనుంటే అదే వాదన ఎత్తుకునేది. చెల్లెలు తేదీ చేరవేసింది, వీళ్లు ఒక పూట మిషను ఆడించి నాటకం ఆడారు, నాటకాన్ని వాడకం అనలేం, కొట్టేయండి. చెప్పలేదురా, ఒక్క మాట చెప్పలేదు, చెప్పకుండా ఉండడానికి నేనేం పోగొట్టుకున్నానో నీకేం తెలుసు. కాళ్లు లేవబోయాయి. నిజంగానే మడమలు నేలకి తన్నుకున్నాయి. కూర్చో. లోపలికి వెళ్లి ఏం చెబుతావు, నిజం చెబుతావు, నిజం చెప్పినందుకే రేపు వాళ్లు పైకోర్టుకి వెళ్లి, బయట ఉండాల్సిన అధికారి లోపలికొచ్చి అక్క తరఫున మాట్లాడింది, ఈ నిర్ణయం చెల్లదు అంటారు, చెల్లకుండా పోతుంది. ఇంతకు ముందు ఈ కుర్చీలో ఉన్న పెద్దాయన ఇలాగే తన బావమరిది గోదాము విచారణలో మౌనంగానే కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు, కానీ కమిటీలో ప్రతివాడూ మాట్లాడే ముందు ఆయన మొహం చూశాడు. నోరు మూసుకున్నా మొహం ఉంటుంది కదా. అందుకే కదా మొహాన్ని కూడా బయటికి పంపాలని రాసింది. అది మిగతావాళ్ల మొహాలకే గానీ తన మొహానికి కాదా?

తలుపు తెరుచుకుంది. కమిటీ గుమస్తా. సౌమ్యుడు, ఎవరికీ చెడు చేయాలని లేనివాడు, అలాంటివాళ్లతోనే కష్టం.

"మేడం, అధ్యక్షులవారు అడగమన్నారు. ఒక్కసారి లోపలికి వచ్చి, మీరు వాళ్లకి చెప్పారో లేదో ఒక్క ముక్కలో చెబితే అయిపోతుందట. వకీలు గారు కూడా అభ్యంతరం లేదన్నారు."

వకీలుకి అభ్యంతరం ఎందుకుంటుంది, తను లోపలికి రావాలనే తలుపు తీసి పెట్టినవాడికి.

"రాను."

"ఒక్క నిమిషమే మేడం. అవుననో కాదనో."

"అవునన్నా కాదన్నా నేను లోపలికొచ్చినట్టే. నిర్ణయం చెప్పేదాకా ఆ గదిలో అడుగు పెట్టను. ఇదే మాట చెప్పండి."

"రాకపోతే వాళ్లు వేరే అనుకుంటారేమో..." గొంతు తగ్గించాడు. "మీ అక్కగారికి నష్టం కదమ్మా."

"తెలుసు. వెళ్లండి."

మేడం కాస్తా అమ్మ అయిపోయింది గుమస్తా నోట, జాలి పడుతున్నాడు. వెళ్లాడు. వెళ్తూ తలుపు సరిగ్గా వేయలేదు, బెత్తెడు సందు మిగిలింది. లేచి వేయాలా? గది విడిచి పోవాలని నిబంధనలో ఉంది గానీ చెవుల గురించి ఏమీ లేదు, రాసినప్పుడు తట్టలేదు. ఈసారి సవరణలో అదీ చేర్చాలి. ఈసారికి మాత్రం ఉన్న నిబంధన ఉన్నట్టే పాటిస్తుంది. గుమస్తా గొంతు, రానంటున్నారండీ. కుర్చీల కదలిక. వాడి గొంతు, పాత టేబుల్ నాటి గొంతు, మెత్తగా, రారండి, వచ్చి ఏమని చెబుతారు, ఈ మౌనమే జవాబు, తమరు గమనించాలి. అయిపోయింది. చెల్లెలు నోరు మూసుకుని అక్కని రెండోసారి ముంచింది. అయినా లేవదు. లేవనంటే లేవదు. ఈ బల్ల మీద ఆమె కూర్చున్నది అక్కకి వ్యతిరేకంగా కాదు, ఆమెకి ఆ తేడా తెలుసు, ప్రపంచంలో ఇంకెవరికీ తెలియకపోయినా సరే. తెలియాల్సిన మనిషికి కూడా తెలియదు.

అప్పుడు వినబడింది. అక్క గొంతు. ఆ గొంతు ఆమె ఎక్కడైనా గుర్తు పడుతుంది, చిన్నప్పుడు జడ లాగి మరీ లెక్కలు చెప్పించిన గొంతు, నెలల తరబడి వినని గొంతు.

"మా చెల్లెలు చెప్పిందా? చెప్పిందా అని అడుగుతున్నారా నన్ను?"

అమ్మా, కూర్చోండి, కూర్చుని చెప్పండి అని ఎవరో అంటున్నారు.

"కూర్చోను. చెప్పుంటే ఎంత బాగుండేదయ్యా! వారం ముందు మా ఇంటికొచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. నా చేతి టీ తాగింది. ఆయన దిండు సర్దింది. అన్నీ తెలిసి కూర్చుని, మెదలకుండా లేచిపోయింది! తొందరేముందే అని నేనన్నాను, దాని ముందరే అన్నాను, తలూపింది! కడుపున పుట్టిన బిడ్డకంటే ఎక్కువగా చూసుకున్నాను దాన్ని. ఒక్క మాట చెప్పింది కాదు. అది చెప్పిందని ఎవరన్నా రుజువు చేయండి, షెడ్డు ఇప్పుడే మీ చేతుల్లో పెట్టి పోతాను, మా చెల్లెలు నా కోసం ఒక్క మాట చెప్పిందన్న సంతోషంతో పోతాను! ఈ జన్మలో దాన్ని క్షమించను."

"అమ్మా, ఊరుకో." అమ్మాయి గొంతు. "అయ్యా, మిషను ఆడించింది నేను. మా నాన్న గోడ పట్టుకుని నడుస్తుంటే సున్నం ఊడి చేతికొచ్చేది, అందుకు కోశాను. అప్పటికి ఏడాదనీ ముడనీ మాకేం తెలుసు? రెండో కమ్మీ వేసింది ఎవరింట్లోనో అడ్రసిస్తాను, వెళ్లి చూసుకోండి."

దగ్గు రాలేదు. వరండాలో కూర్చున్నావిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. క్షమించను అన్న మాట వేడినీళ్లలా పడింది ఒంటి మీద, పడీ పడగానే ఆమె లోపలి వకీలు, ఎన్నేళ్లైనా చావని వకీలు, లేచి కూర్చుని, ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు అంది. తను వెళ్లి, చెప్పలేదండీ అంటే ఎవరు నమ్మేవాళ్లు, అంత కోపాన్ని మాత్రం ఎవరు నమ్మకుండా ఉండగలరు. అక్కకి చెల్లెలి మీద కోపం నిజం కాబట్టి చెల్లెలు నోరు విప్పలేదన్నదీ నిజం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం వచ్చాయి. అవతల అధ్యక్షుడి గొంతు నెమ్మదిగా ఏదో చదువుతోంది, ఏడాది లోపలే, సద్భావంతో, బయటివారి కోసం కూడా, కాబట్టి పాత వాడకం కొనసాగుతుంది, మధ్యాహ్నం నిద్రవేళల్లో మిషను ఆపాలి, వీధివైపు కిటికీలకి చప్పుడు ఆపే పలకలు బిగించాలి. సరైన షరతులు. చిన్న ప్లానరు పెట్టించి ఉంటుంది. ఆ నర్సు నిద్రపోతుంది, ఆ పసివాడూ నిద్రపోతాడు. ఎవరి సహాయమూ లేకుండా ఎంత చక్కగా చేసింది ఆ పిల్ల.

తలుపు బార్లా తెరుచుకుంది. ముందు వాడు వచ్చాడు, పాత టేబుల్ స్నేహితుడు, ఆమె ముందు ఒక్క క్షణం ఆగి, "నువ్వు లేస్తావనుకున్నాను" అన్నాడు.

"తెలుసు. అందుకే తలుపు తీసి పెట్టావు" అంది. వాడు నవ్వి కోటు దులుపుకుని వెళ్లిపోయాడు.

తర్వాత అమ్మాయి వచ్చింది, పిన్ని భుజం ఒకసారి నొక్కి, ఫోనులో నాన్నకి చెప్పాలని మెట్లవైపు పరిగెత్తింది. చివరికి అక్క. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొంగు బిగించి దోపుకుని ఉంది, ఇంకా ఎవరితోనో పోట్లాడడానికి మిగిలి ఉన్నట్టు. ఆమె లేచి నిలబడింది. ఇప్పుడు లేవచ్చు.

"విన్నావా లోపల నేనన్నవి?"

"విన్నానక్కా."

"వాళ్లని నమ్మించడానికి అనలేదు. నిజంగానే అన్నాను."

"తెలుసు."

అక్క ఆమె మొహంలోకి చూసింది, వెతుకుతున్నట్టు, చిన్నప్పుడు అబద్ధం చెప్పిందేమోనని చూసే చూపు. "ఒకటడుగుతాను. రేపు మళ్లీ ఇలాంటిది వస్తే, నాకు తెలియనిదీ నీకు తెలిసిందీ, అప్పుడైనా చెబుతావా?"

చెబుతానంటే సరిపోతుంది. అక్కకి కావలసింది ఆ ఒక్క మాటే, అంటే చాలు ఈ నెలల మీద నీళ్లు చల్లుకుని ఇద్దరూ ఈ మెట్లు కలిసి దిగచ్చు. రేపెప్పుడో ఏది వస్తుందో ఎవరు చూడొచ్చారు. అబద్ధమని అక్కకి కూడా తెలియదు.

"చెప్పనక్కా."

మెట్ల కింద అమ్మాయి ఫోనులో, గెలిచాం నాన్నా, గెలిచాం, వినబడుతోందా అని అరుస్తోంది. లోపల గుమస్తా తర్వాతి ఫైలు పిలుస్తున్నాడు, దానికి ఆమె ఉండాలి. అక్క ఒక పెద్ద ఊపిరి తీసి వదిలింది, దోపిన కొంగు లాగి మొహం తుడుచుకుంది, చెల్లెలి మొహం కూడా అదే కొంగుతో కాస్త మొరటుగానే తుడిచింది.

"కోపం తీరలేదు. ఇప్పట్లో తీరదు కూడా" అంది. "ఆదివారం భోజనానికి రా. మాట్లాడ్డానికి పనికిరాని నోరు తినడానికైనా పనికొస్తుంది."